బావ కోసం పెట్టిన సంతకం

“బావా, ఒక్క సంతకం. ఊరికే ఫార్మాలిటీ అంట, బ్యాంకోళ్ళు అడుగుతున్నారు.”

నిజాంపట్నం హార్బరు దగ్గర టీ కొట్టులో అడిగినా, రేపల్లెలో జెరాక్స్ షాపు ముందు నిలబెట్టి అడిగినా మాట ఇదే. పడవకి ఇంజను కావాలి, వలలు కావాలి, రొయ్యల చెరువుకి మేత కావాలి, పిల్ల పెళ్ళికి పాడిన చీటీ డబ్బు చేతికి రావాలి. అన్నిటికీ ఒక ష్యూరిటీ కావాలి. కాగితాలు స్కూటరు సీటు మీద పరుస్తారు. పెన్సిలుతో టిక్కు పెట్టిన చోటల్లా సంతకం పడుతుంది. పైన ఏం రాసుందో ఎవరూ చదవరు. చదివితే బావను నమ్మనట్టు కదా!

కొన్నాళ్ళకి సంతకం పెట్టిన మనిషి కొడుకు ఇంజినీరింగు చదువు లోన్ కోసం బ్యాంకుకి వెళ్తాడు. మేనేజరు కంప్యూటరు చూసి, “మీ పేరు మీద బకాయి కనపడుతోందండీ” అంటాడు. తన కోసం ఒక్క రూపాయి అప్పు తెచ్చుకోని మనిషి! ఇలాంటి కథ వినని వీధి ఈ తీరంలో ఉండదేమో.

అప్పుడు మొదట వచ్చేది కోపం. ‘తిన్నది వాడు, కట్టాల్సింది నేనా?’ న్యాయంగా చూస్తే సరైన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న పట్టుకుని అలిగి కూర్చున్న ప్రతి నెలా రికార్డులో ఇంకో నెల ఆలస్యం చేరుతుంది. పెద్దమనుషుల్లో పెట్టి బావతో కట్టిద్దామని చూస్తూ ఏడాది గడిపేసిన వాళ్ళకి చివరికి బావతో మాటల్లేవు, బ్యాంకులో పేరూ లేదు. అందుకే ఈ వరస తప్పదు: ముందు మన పేరు, తర్వాత బావ లెక్క. ఆ రెండో లెక్క తేల్చుకోవడానికీ చట్టంలో దారి ఉంది.

సాక్షి అనుకుంటే పొరపాటు

ప్రోనోటు రాసుకునే ఊళ్ళలో సాక్షి సంతకం అలవాటు. అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడితే సాక్షి కోర్టుకొచ్చి ‘నా ఎదుటే తీసుకున్నాడు’ అని చెబితే సరిపోతుంది. ష్యూరిటీ సంతకాన్నీ చాలామంది అదే జాబితాలో వేసుకుంటారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం అలా అనుకోదు. అందులో 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే అసలు బాకీదారుకి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతే. ముందు వాడి ఆస్తి అమ్ముకోండి, తక్కువైతే నా దగ్గరికి రండి అనడానికి కుదరదు.

దీని మీద సుప్రీంకోర్టు 1968లోనే తేల్చేసింది. బ్యాంక్ ఆఫ్ బీహార్ ఇచ్చిన అప్పు ఒకటి తిరిగి రాలేదు. అసలు పదకొండు వేల పైచిలుకు. బ్యాంకు బాకీదారు మీదా, హామీదారు మీదా దావా వేసింది. కింది కోర్టు బ్యాంకు పక్షాన తీర్పిస్తూనే ఒక మెలిక పెట్టింది: ముందు బాకీదారు దగ్గర వసూలుకు అన్ని దారులూ చూడాలి, ఆ తర్వాతే హామీదారు జోలికి వెళ్ళాలి అని. హైకోర్టూ సరేనంది. సుప్రీంకోర్టు ఆ మెలికను కొట్టేసింది. అవసరానికి వెంటనే పట్టుకోవడానికే హామీ తీసుకునేది, అప్పిచ్చినవాణ్ణి ఆగమంటే ఇక హామీ ఎందుకన్నది దాని తర్కం. ఆ తర్వాత దేశంలో ఏ బ్యాంకు ష్యూరిటీ ఫారం చూసినా ఆ తీర్పు నీడ ఉంటుంది.

పెద్దవాళ్ళకీ మినహాయింపు లేదు. కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చిన ప్రమోటర్లు, దివాలా ప్రక్రియలో కంపెనీ లెక్క తేలిపోయింది కాబట్టి మా హామీ కూడా పోయినట్టేనని వాదిస్తే 2021 మే 21న సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాకపోతే వాళ్ళకి ఢిల్లీ లాయర్లు ఉంటారు, మన దగ్గర బావమరిది ఉంటాడు.

చీటీల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పాట పాడుకుని డబ్బు తీసుకునేవాడు మిగిలిన వాయిదాలకు పూచీ చూపించాలి. తెనాలి, రేపల్లె, బాపట్ల పట్టణాల్లో టీచర్ల చుట్టూ, ప్రభుత్వోద్యోగుల చుట్టూ జనం తిరిగేది అందుకే: వాళ్ళకి జీతం సర్టిఫికెట్ ఉంటుంది. పాడుకున్నవాడు వాయిదాలు మానేస్తే ఆ జీతం మీదికే జప్తు వస్తుంది. అయితే దానికీ హద్దుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టుకోకూడదు. ఒకే డిక్రీ కింద ఇరవై నాలుగు నెలలు కోత పడితే ఆ డిక్రీకి ఇక ఆ జీతం జోలికి రాకూడదు. ఇది తెలియక జీతమంతా పోతుందని భయపడి, బయట వడ్డీకి అప్పు తెచ్చి కట్టేసినవాళ్ళున్నారు.

అరవై ఒక్క రోజుల వేట నిషేధం

నిజాంపట్నంలో అప్పు ఆలస్యం కావడానికి క్యాలెండరులోనే ఒక కారణం ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది అవసరమే. బ్యాంకు వాయిదాకి మాత్రం నిషేధం లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. నెలవారీ వాయిదాల అప్పు, ప్రతి నెలా 20వ తేదీ గడువు. ఏప్రిల్ 20 వాయిదా కట్టలేదు, తర్వాతవీ కట్టలేదు. రిజర్వు బ్యాంకు ఆలస్యాన్ని ముప్ఫై రోజుల మెట్లుగా లెక్కిస్తుంది. మే 20 నాటికి ఖాతా రెండో మెట్టెక్కుతుంది. జూన్ 19కి మూడో మెట్టు. జూలై 19 రాత్రి బ్యాంకు ఆ రోజు లెక్క మూసేసరికి అది మొండి బకాయి. పడవ మళ్ళీ సముద్రంలోకి దిగేది జూన్ 15న. మొదటి వేటల డబ్బులో డీజిలుకి, ఐసుకి, కలాసీల వాటాకి పోగా మిగిలింది ముందుగా పెట్టుబడి పెట్టిన ఏజెంటు పట్టుకుంటాడు. చేప ఆయనకే అమ్మాలి కాబట్టి ఆయన చేతిలోంచే డబ్బు రావాలి. ఈ వరసలో బ్యాంకుది చివరి స్థానం.

హామీదారు పేరు నిలిచేదీ పోయేదీ జూన్ 15 తర్వాతి ఆ నెల రోజుల్లోనే. జూలై 19 లోపు ఒక్క వాయిదా కట్టినా అది అన్నిటికన్నా పాత బకాయికి జమవుతుంది. ఏప్రిల్‌ది తీరిపోయి లెక్క మే 20 నుంచి మొదలవుతుంది. మొండి బకాయి ముద్ర తప్పుతుంది. ఆ తేదీ దాటిపోయిందా, ఒకటి రెండు వాయిదాలతో పని జరగదు. పాత బాకీ అంతా, వడ్డీతో సహా, కడితేనే ఖాతా మళ్ళీ మామూలు ఖాతా అవుతుందని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో స్పష్టంగా చెప్పింది. జూలైలో ఒక్క వాయిదాతో ఆగే పని సెప్టెంబరుకల్లా మొత్తం బకాయి అడుగుతుంది.

సముద్రం మీద బతికే మనిషికి ప్రతి నెలా సమాన వాయిదా పెట్టడమే అసలు తప్పని నా అభిప్రాయం. వరి రైతుకి పంట చేతికొచ్చే కాలాన్ని బట్టి గడువు పెట్టే పద్ధతి ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19లో చేపల వేటకీ చెరువులకీ కూడా విస్తరించారు. నిర్వహణ ఖర్చులకి అది దొరికేవాడు నెలవారీ వాయిదాల అప్పు జోలికి పోనక్కర్లేదు. పోక తప్పకపోతే, ఏప్రిల్, మే, జూన్ వాయిదాల గడువు జరపమని సంతకం పెట్టేముందే బ్యాంకుని అడగాలి. అడగాల్సింది బావ ఒక్కడే కాదు, పక్కన నిలబడ్డ హామీదారు కూడా. నిషేధ కాలానికి సర్కారు ఇచ్చే సాయం ఇంటి ఖర్చుకి ఆసరా. దాన్ని వాయిదాల లెక్కలో వేసుకుంటే ఆ రెండు నెలలూ పొయ్యి వెలగదు.

రిపోర్టు తీస్తే

దేశంలో ఇలాంటి రికార్డులు దాచే సంస్థలు, అంటే క్రెడిట్ బ్యూరోలు, నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ 2000లో మొదలైంది, మొదట పుట్టింది కాబట్టి జనం నోట్లో అన్నిటికీ అదే పేరు. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఏడాదికోసారి ప్రతి సంస్థా పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. 2017 నుంచి ఉన్న నియమమే ఇది. అయినా నెట్ సెంటర్లలో దీనికి డబ్బులు వసూలు చేస్తూనే ఉన్నారు.

రిపోర్టులో మీరు హామీ ఉన్న అప్పు కూడా ఒక ఖాతాగా కనపడుతుంది. పక్కన ‘గ్యారంటార్’ అని ఉంటుంది. ‘జాయింట్’ అని ఉంటే మీరు హామీదారు కాదు, సహ బాకీదారు. ఆ తేడా ముందు చూసుకోవాలి. కింద నెలనెలా గడులుంటాయి, ముప్ఫై ఆరు నెలలవి. గడిలో సున్నాలు ఉంటే ఆ నెల సక్రమం. 30, 60, 90 లాంటి అంకెలుంటే అన్ని రోజులు ఆలస్యం. స్కోరు అంకె చూసి గుండె పట్టుకునేవాళ్ళు ఈ గడులు చూడరు. నిజానికి రేపు మీకు అప్పిచ్చే మేనేజరు చూసేది వీటినే.

తప్పులూ దొరుకుతాయి. బావ తీర్చేసిన అప్పు ఇంకా నడుస్తున్నట్టు చూపించడం, ఇంటిపేరు కలిసిన ఇంకెవరిదో ఖాతా మన కింద పడడం లాంటివి. అప్పుడు బ్యూరోకీ, బ్యాంకుకీ ఫిర్యాదు రాతపూర్వకంగా పెట్టాలి. ముప్ఫై రోజుల్లో తేల్చకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ వంద రూపాయల పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోలు కూడా ఆయన పరిధిలోకి వచ్చాయి. పైసా ఖర్చు లేదు.

తప్పు కాని దాన్ని మాత్రం ఎవరూ తుడిపేయలేరు. ‘మీ సిబిల్ క్లియర్ చేస్తాం’ అని ఫోన్లు చేసేవాళ్ళు అయిదు వేలు, పది వేలు పట్టుకుపోతారు. చేసేదేమిటంటే మీ పేరు మీద అడ్డమైన ఫిర్యాదులు పెట్టడం, అంతే.

‘సెటిల్డ్’ అనే చవక బేరం

ఖాతా మొండిబారాక బ్యాంకు నుంచే కబురొస్తుంది: మూడు లక్షలకి లక్షా ఎనభై కట్టండి, వదిలేస్తాం. లోక్ అదాలత్‌లోనూ ఇలాంటి బేరాలే కుదురుతాయి. బాకీదారుకి పండగే. హామీదారు కూడా ఊపిరి పీల్చుకుంటాడు, పీడ వదిలిందని. కానీ రిపోర్టులో ఆ ఖాతా ఎదుట పడే మాట ‘సెటిల్డ్’. పూర్తిగా కట్టి ముగిస్తే పడేది ‘క్లోజ్డ్’. మొదటిది చూసిన ఏ మేనేజరైనా దాన్ని ‘పూర్తిగా కట్టలేదు’ అనే చదువుతాడు. పైగా 2023 జూన్‌లో వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వ్యవసాయేతర అప్పుల్లో రాజీ పడ్డ బాకీదారుకి అదే బ్యాంకు కనీసం ఏడాది దాకా కొత్త అప్పు ఇవ్వకూడదు.

ఇక్కడ హామీదారు తన అవసరాన్ని బట్టి తేల్చుకోవాలి. మళ్ళీ బ్యాంకు గడప తొక్కే పని లేని డెబ్భై ఏళ్ళ పెద్దాయనకి రాజీయే మేలు, అనవసరంగా ఇల్లు గుల్ల చేసుకోనక్కర్లేదు. వచ్చే రెండేళ్ళలో కొడుకు చదువుకో, ఇంటికో లోన్ కావాల్సిన నలభై అయిదేళ్ళ మనిషి మాత్రం ఆ తేడా లక్షా ఇరవై ఎలాగోలా పూడ్చి ‘క్లోజ్డ్’ అనిపించుకోవాలి. ఇంతకు ముందే రాజీ అయిపోయి ఉంటే, మిగిలిన మొత్తం ఇప్పుడు కడతాను, హోదా మార్చండని బ్యాంకుని అడగొచ్చు.

ఏదైనా, బాకీ లేదన్న పత్రంలో అప్పు నంబరుతో పాటు హామీదారు పేరూ ఉండాలి. బావ పేరున ఇచ్చిన పత్రం బావ బీరువాలో ఉంటుంది. ఇంటి కాగితాలో పొలం కాగితాలో తనఖా పెట్టి ఉంటే, అప్పు తీరిన ముప్ఫై రోజుల్లో బ్యాంకు అసలు పత్రాలు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల జాప్యమైతే రోజుకి అయిదు వేల చొప్పున పరిహారం. 2023 డిసెంబరు నుంచి ఉన్న నియమం. బ్యాంకులు బ్యూరోలకి వివరాలు పంపే గడువును కూడా 2025 జనవరి నుంచి నెలకోసారి కాకుండా పదిహేను రోజులకోసారి చేశారు కాబట్టి, కట్టిన సంగతి రికార్డుకెక్కడానికి మునుపటంత కాలం పట్టదు.

బావ లెక్క

హామీదారు కట్టిన మరుక్షణం నుంచి బ్యాంకు కుర్చీలో ఆయనే కూర్చున్నట్టు లెక్క. కాంట్రాక్టు చట్టం 140వ సెక్షను అప్పిచ్చినవాడికున్న హక్కులన్నీ ఆయనకిస్తుంది. బావ బ్యాంకుకి తాకట్టు పెట్టినవి ఏవైనా ఉంటే వాటి మీద హక్కు 141 కింద ఆయనకొస్తుంది. బ్యాంకు ఆయనకి చెప్పకుండా ఆ తాకట్టు వదిలేసిందనుకోండి, ఆ విలువ మేరకు ఆయన బాధ్యత తగ్గిపోతుంది. కట్టిన ప్రతి రూపాయీ బావ తిరిగివ్వాలని 145 చెబుతుంది. ఇద్దరు హామీదారుల్లో ఒకడే మొత్తం కడితే రెండోవాడు సగం భరించాలని 146 అంటుంది. దావాకి గడువు కట్టిన రోజు నుంచి మూడేళ్ళు.

ఇవన్నీ నిలబడాలంటే ఒకటే షరతు. డబ్బు మన ఖాతా నుంచి నేరుగా ఆ లోన్ ఖాతాకి వెళ్ళాలి. పరువు కోసం బావ చేతికి నోట్ల కట్ట ఇచ్చి ‘నువ్వే కట్టినట్టు కట్టేయ్’ అంటే మన దగ్గర రుజువు ఉండదు. ఊళ్ళో చాలామంది చేసేదిదే. బావని కోర్టుకి ఈడ్వడం ఇష్టం లేకపోవచ్చు, ఆడబడుచు ముఖం చూసి. అలాంటప్పుడు కట్టిన మొత్తానికి కొత్తగా ఒక ప్రోనోటు రాయించుకోవడం మర్యాదకి భంగం కాదు. మూడేళ్ళలోపు దాని మీద కొంత జమ వేయించి సంతకం తీసుకుంటే గడువు మళ్ళీ మొదటినుంచి నడుస్తుంది.

గుంపు పూచీ

ఒకరి బాకీ ఇంకొకరి మెడకి చుట్టుకోవడం ఈ ఊరికి కొత్తేం కాదు. నిజాంపట్నాన్ని యూరపు వర్తకులు పెటపోలి అనేవారు. డచ్చివాళ్ళు 1606లో ఇక్కడ స్థావరం పెట్టారు. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఆంథొనీ హిప్పన్ నాయకత్వంలో ఇంగ్లీషువాళ్ళు వచ్చి దిగారు. ఆ కాలంలో కోరమాండల్ తీరం పొడవునా వ్యాపారం బయానా మీద నడిచేది. కంపెనీ డబ్బు వర్తకుడికి, వర్తకుడు సాలెవాడికి ముందే ఇవ్వడం, బట్ట తర్వాత రావడం. బట్ట రాకపోతే కంపెనీ పట్టుకునేది మధ్యలో పూచీపడ్డ వర్తకుణ్ణి.

మన కాలంలో ఆ పూచీ ఆడవాళ్ళ మీదికొచ్చింది. మైక్రోఫైనాన్సు కంపెనీలు అయిదుగురిని గుంపు చేసి, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలనే షరతు మీద అప్పులిచ్చాయి. వసూళ్ళ వేధింపులకు ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల మధ్య 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, అదే తర్వాత చట్టమైంది. వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి. కంపెనీలు తమ పుస్తకాల్లో ఆ అప్పులు కొట్టేసుకున్నాయి. కొట్టేయడమంటే మాఫీ అని జనం అనుకున్నారు. కంపెనీ లెక్కలో నష్టం రాసుకోవడం వేరు, బాకీదారుని విడుదల చేయడం వేరు. తాను తన వాటా సక్రమంగా కట్టి, గుంపులో మరొకామె వల్ల ఇరుక్కున్న మనిషికి ఈ తేడా చెప్పినవాడు లేడు.

డ్వాక్రా సంఘాలదీ ఆ దారే. 2014లో మాఫీ హామీ విని వాయిదాలు ఆపిన సంఘాలకు బకాయి పెరిగింది, సకాలంలో కట్టేవాళ్ళకే ఉండే వడ్డీ రాయితీ పోయింది. తర్వాత ప్రభుత్వం 2019 ఏప్రిల్ 11 నాటి నిల్వ బాకీని లెక్కలోకి తీసుకుని ఆసరా పేరుతో 2020 నుంచి నాలుగు విడతలుగా డబ్బిచ్చింది. ఇచ్చింది మహిళల చేతికి. బ్యాంకు వాయిదా మాత్రం ఎప్పటిలా వాళ్ళే కట్టాలి. సంఘం అప్పుల వివరాలు సభ్యుల వారీగా బ్యూరోలకి చేరాలని రిజర్వు బ్యాంకు 2016లోనే చెప్పింది కాబట్టి, సంఘంలో ఆలస్యమైతే అది సంఘం పుస్తకంలోనే ఉంటుందన్న ధీమా ఇప్పుడు పనికిరాదు. సంఘం లీడరు దగ్గర లెక్క చూసుకున్నట్టే ప్రతి సభ్యురాలూ తన పేరున రిపోర్టు తీసుకోవాలి.

మళ్ళీ నమ్మకం

బాకీ ముగిశాక చేయాల్సింది ఎక్కువేం లేదు, ఓపిక తప్ప. ఆలస్యాల గడులు నెలనెలా వెనక్కి జరుగుతాయి, కొత్త సున్నాలు ముందుకొస్తాయి. ఆ సున్నాలు రావాలంటే ఏదో ఒక చిన్న అప్పు నడుస్తూ ఉండాలి. అసలు అప్పే వద్దని ఒట్టుపెట్టుకుంటే పాత మచ్చ పక్కన కొత్తగా రాయడానికి ఏమీ ఉండదు. మన ఇళ్ళలో అన్నిటికన్నా తేలికైన దారి బంగారం. బ్యాంకులో చిన్న తాకట్టు పెట్టి గడువుకి ముందే విడిపించుకుంటే అదీ రికార్డుకెక్కుతుంది. ఫిక్సెడ్ డిపాజిట్ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు ఇంకో దారి. పరిమితిలో మూడో వంతు లోపే వాడి, బిల్లు మొత్తం గడువులో కట్టాలి. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే మాత్రం ఈ మందే రోగమవుతుంది. ఇంకోటి, ఒకచోట కాదన్నారని వారంలో నాలుగు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టకూడదు. ప్రతి విచారణా నమోదవుతుంది, నాలుగు కలిస్తే గాభరాలో ఉన్న మనిషిలా కనపడతాం.

పెద్ద లోన్ కావాల్సిన రోజు వస్తే దరఖాస్తుతో పాటు ఆ పాత ఖాతా కథ ఒక పేజీలో రాసివ్వాలి: నేను హామీదారుని, ఫలానా తేదీన నా ఖాతా నుంచి కట్టాను, ఇదిగో బ్యాంకు పత్రం. కంప్యూటరు దాన్ని చదవదు, మేనేజరు చదువుతాడు. రేపల్లె, బాపట్ల బ్రాంచీల్లో మనుషుల్ని చూసి నిర్ణయం తీసుకునే అధికారులు ఇంకా ఉన్నారు.

బావ మళ్ళీ వస్తాడు. వలలకో, ఇంజనుకో. సంతకం పెట్టాలనిపిస్తే ఫారంలో చూడాల్సిన మాట ఒకటుంది: హామీ ఈ ఒక్క అప్పుకేనా, ముందు ముందు తీసుకోబోయే వాటికి కూడానా? రెండోదైతే దాన్ని నిరంతర హామీ అంటారు. పాత అప్పు తీరినా సంతకం బతికే ఉంటుంది, బావ ఏటా పరిమితి తిరగరాయించుకుంటూ ఉంటే అదీ నడుస్తూనే ఉంటుంది. అలాంటి దాన్ని ఇక ముందు ఇచ్చే అప్పుల మేరకు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని 130వ సెక్షను చెబుతోంది. బ్రాంచికి ఒక ఉత్తరం రాసి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకుంటే చాలు. పాత సంతకాలు గుర్తున్నవాళ్ళు ఆ ఉత్తరం ఈ వారమే రాయొచ్చు, బావకి ఒక మాట చెప్పి.